సామానుతోనా, ఖాళీగానా?

ఆశాజ్యోతి టిఫిన్ డబ్బాల్లో పులిహోర సర్దుతుండగా ఫోను మోగింది. పాలకొల్లు నుంచి ఇళ్ళ బ్రోకరు వెంకటరమణ. చేతికి నూనె అంటుకుని ఉండడంతో ఫోను స్పీకర్లో పెట్టి వంటగట్టు మీద ఉంచింది.

"మేడంగారూ, నమస్కారమండి. మీ ఇంటికి రెండు పార్టీలు వచ్చాయండి. ఒకాయన బ్యాంకు ఆఫీసరు, ట్రాన్స్‌ఫర్ మీద వచ్చారు. ఫ్యామిలీ విజయవాడలోనే ఉంటుందంట. సామానుతో ఇస్తే వెంటనే దిగిపోతానంటున్నారు. రెండో వాళ్ళు భార్యాభర్తలు, పిల్లలూనండి. వాళ్ళకి సొంత సామానుంది, ఇల్లు ఖాళీగా కావాలి. సామానుతో ఇస్తారా, ఖాళీ చేసి ఇస్తారా, అది తేల్చి చెప్పెయ్యండి. ఎవరికో ఒకరికి మాటివ్వాలి కదండీ."

"సామానుతోనే ఇద్దామనుకుంటున్నానండి. సాయంత్రం స్కూలయ్యాక ఇంటి దగ్గరికొస్తాను, మాట్లాడుకుందాం."

"ఆయ్, అలాగేనండి."

హాల్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని పేపరు చూస్తున్న జయపాల్ తలెత్తాడు. "ఎవరు, వెంకటరమణేనా?"

"అవునండీ. సామానుతోనే ఇచ్చేద్దామంటున్నాను. ఇక్కడికి తెస్తే పెట్టడానికి చోటెక్కడుంది? మీరేమంటారు?"

"నీ ఇష్టం ఆశా. నీ ఇల్లు, నీ సామాను. ఎలా చేసినా నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు. ఆ మాట కాస్త తొందరగానే అనేసి మళ్ళీ పేపర్లోకి తలదూర్చాడు.

ఎదురుగా కూర్చుని ఇడ్లీ తింటున్న కెజియా సగం ఇడ్లీ ప్లేట్లో వదిలేసి లేచి చెయ్యి కడుక్కుంది.

"తినలేదేంటమ్మా?" అంది ఆశాజ్యోతి.

"చాలాంటీ. కాలేజీకి టైమైంది." డబ్బా తీసుకుని, "థాంక్స్ ఆంటీ," అని వెళ్ళిపోయింది. ఆ పిల్ల ఎప్పుడూ అంతే. ఎదురు చెప్పదు, దగ్గరికి రాదు. పక్కింటావిడతో మాట్లాడినంత మర్యాదగా మాట్లాడుతుంది.

ఆశాజ్యోతికి నలభై నాలుగేళ్ళు. పాలకొల్లులో ఒక హైస్కూల్లో సోషల్ టీచరు. మొదటి భర్త రమేష్ బాబు కరెంటు ఆఫీసులో గుమాస్తాగా ఉంటూ గుండెపోటుతో పోయి ఏడేళ్ళయింది. వాళ్ళకు పిల్లల్లేరు. జయపాల్ భీమవరంలో రొయ్యల మేత డిపోకి మేనేజరు. అతని భార్య సువార్త నాలుగేళ్ళ కిందట డెంగీ జ్వరంతో చనిపోయింది. ఒక్కతే కూతురు, కెజియా. ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. రెండు కుటుంబాలనూ ఎరిగిన పాస్టరుగారు మాట కలిపితే, మొన్న వేసవి సెలవుల్లో ఆశాజ్యోతికీ జయపాల్‌కీ చర్చిలో కొద్దిమంది మధ్య పెళ్ళి జరిగింది.

పెళ్ళయిన మర్నాడు ఆమె రెండు సూట్‌కేసులతో భీమవరం వచ్చింది. మిగతావి మెల్లగా తెచ్చుకుంటానంది. వేసవి పోయింది, వానలు వచ్చి వెళ్ళాయి, నవంబరు వచ్చింది. ఇంకా ఏమీ తేలేదు. తేవడానికి ఈ ఇంట్లో ఖాళీ కనిపించలేదు. హాల్లో షోకేసు నిండా సువార్త సర్దిన బొమ్మలు. వంటింట్లో ఆవిడ గిన్నెలు, ఆవిడ డబ్బాలు. పడగ్గదిలో రెండు బీరువాలు, ఒకటి జయపాల్‌ది, ఒకటి సువార్తది. సువార్త బీరువాకి తాళం చెవి వేలాడుతూనే ఉంటుంది గానీ దాన్ని ఎవరూ తెరవరు. ఆశాజ్యోతి చీరలు చాలామటుకు మంచం కింద సూట్‌కేసుల్లోనే ఉన్నాయి.

వచ్చిన కొత్తల్లో ఒకసారి మిక్సీని కిటికీ పక్కకి మార్చింది. అక్కడైతే వెలుగు బాగుంటుందని. ఆ రోజే జయపాల్ అక్క సత్యవాణి వచ్చింది. ఆవిడ ఇల్లు అదే వీధి చివర. వంటింట్లోకి వచ్చి చూసి, "సువార్త ఇక్కడ పెట్టేది కాదమ్మా. ఆ పిల్లకి అలవాటైన చోటు మారిస్తే బాధపడుతుంది," అంది మెల్లగా. ఆవిడ చెడ్డ ఉద్దేశంతో అనలేదు. ఆశాజ్యోతి మిక్సీ తీసి పాత చోట పెట్టేసింది. ఆ తర్వాత ఈ ఇంట్లో ఏ వస్తువునీ కదపలేదు.

* * *

సాయంత్రం స్కూలు వదిలాక పాలకొల్లు ఇంటికి వెళ్ళేసరికి వెంకటరమణ గేటు దగ్గర స్కూటరు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె తాళం తీసింది. రెండు పడగ్గదుల ఇల్లు. లోను తీసుకుని రమేష్ బాబూ, తనూ దగ్గరుండి కట్టించుకున్నది. వెంకటరమణ గదులన్నీ తిరిగి చూశాడు.

"ఇల్లు నీటుగా ఉందండి. రోజూ మనుషులున్నట్టే ఉంది. ఒక పని చేద్దామండి మేడంగారూ. మీకు ముఖ్యమైనవన్నీ ఆ చిన్న గదిలో పెట్టి తాళం వేసేసుకోండి. మంచం, బల్ల, ఫ్రిజ్జు, గ్యాసు స్టవ్వు ఆయన వాడుకుంటారు. అద్దె కూడా కాస్త ఎక్కువే వస్తుంది. పైగా బ్యాంకోళ్ళు ఒకచోట ఉండరు కదండీ, ఎలాగూ మళ్ళీ ట్రాన్స్‌ఫర్ వచ్చేస్తుంది. మీకెప్పుడు కావాలంటే అప్పుడు ఇల్లు మళ్ళీ మీ చేతికొచ్చేస్తుంది."

"అదే మంచిదండి," అంది ఆశాజ్యోతి. చివర అన్న మాట ఆమెకు బాగా నచ్చింది. ఎందుకు నచ్చిందో అప్పుడు ఆలోచించలేదు.

"అయితే సోమవారం అడ్వాన్సు పట్టుకొచ్చేస్తానండి," అని వెంకటరమణ వెళ్ళిపోయాడు.

ఆమె వెంటనే బయల్దేరలేదు. కిటికీలు తెరిచింది. వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టుకుంది. పంచదార ఎక్కడుందో, వడకట్టే జల్లెడ ఎక్కడుందో ఎవర్నీ అడగనక్కర్లేదు. చీకట్లో చెయ్యి పెట్టినా దొరుకుతాయి. గ్లాసు పట్టుకుని తన మంచం మీద, గోడకి జారబడి కూర్చుంది. వీధిలో ఎవరో పిల్లలు షటిల్ ఆడుకుంటున్నారు. ఒంటిమీద నుంచి ఏదో బరువు దించినట్టు అనిపించింది.

ఇలా రావడం ఇది మొదటిసారి కాదు. చాలా శుక్రవారాలు, స్పెషల్ క్లాసులున్నాయని భీమవరంలో చెప్పి, ఇక్కడికి వచ్చి ఇల్లు తుడుచుకుని కాసేపు కూర్చుని వెళ్తూ ఉండేది. అది పెద్ద అబద్ధమని ఆమెకు అనిపించలేదు. తన ఇంటికి తను వెళ్ళడం తప్పు కాదు. చెప్పే వెళ్ళొచ్చు. కానీ చెబితే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పడానికి ఆమె దగ్గర మాటల్లేవు. జయపాల్ మంచివాడు. గట్టిగా ఒక మాట అనడు. కెజియా వేలెత్తి చూపించే పిల్ల కాదు. ఏం లోటని చెప్పగలదు?

టీ గ్లాసు కడిగి బోర్లించి, తాళం వేసి, భీమవరం బస్సెక్కింది.

* * *

ఆదివారం ఆరాధన అయ్యాక సత్యవాణి వాళ్ళతోపాటే ఇంటికొచ్చింది. వస్తూ వస్తూ తన ఇంటి దగ్గర ఆగి రొయ్యల వేపుడు గిన్నె పట్టుకొచ్చింది. నలుగురూ భోజనాలకి కూర్చున్నారు.

"ఆ పాలకొల్లు ఇల్లు ఏం చేశావమ్మా ఆశా?" అంది సత్యవాణి, కెజియా పళ్ళెంలో వేపుడు వేస్తూ.

"సామానుతోనే ఇచ్చేస్తున్నాను వదినగారూ. రేపు అడ్వాన్సు తెస్తామన్నారు."

"మంచి పని చేశావు. ఆ సామానంతా ఇక్కడికి తెస్తే ఎక్కడ పెడతావు? సువార్త సామాను తీసి బయట పెట్టాలి. ఈ పిల్ల తట్టుకోగలదా? పైకి చెప్పదు గానీ, వాళ్ళమ్మ గిన్నె ఒకటి పక్కకి జరిపినా దీని ప్రాణం విలవిల్లాడిపోతుంది."

"అవునక్కా, నేనూ అదే అనుకున్నాను," అన్నాడు జయపాల్. "కెజియా కోసమే ఏదీ కదపడం లేదు."

కెజియా చేతిలో మంచినీళ్ళ గ్లాసు బల్లమీద పెట్టింది. "అత్తయ్యా, నేనెప్పుడు చెప్పాను మీకు అలాగని?"

"చెప్పాలేంటమ్మా? మాకు తెలీదా?"

"తెలీదు. మీకెవరికీ తెలీదు. అమ్మ గిన్నె జరిపితే నాకేం కాదు. ఆ గిన్నెలో అమ్మ లేదు. నన్నొక్క మాట అడక్కుండా, నా పేరు చెప్పి అన్నీ మీరే అనేసుకుంటారేంటి?"

"కెజియా!" జయపాల్ గొంతు పెంచాడు. "పెద్దవాళ్ళతో మాట్లాడే తీరేనా అది?"

"మాట్లాడితే తీరు బాలేదంటారు. మాట్లాడకపోతే మనసులో బాధపడుతోందంటారు. ఏం చెయ్యమంటారు డాడీ నన్ను?" ఆ పిల్ల ఆశాజ్యోతి వైపు తిరిగింది. "ఆంటీ, ఒకటడుగుతాను. శుక్రవారాలు మీకు స్పెషల్ క్లాసులున్నాయా?"

ఆశాజ్యోతి చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది.

"పోయిన నెలలో ఒకరోజు నేను తాళం చెవి మర్చిపోయి బయట కూర్చున్నాను. మీ ఫోను ఎత్తలేదు. స్కూలుకి చేశాను. మేడంగారు ఎప్పుడో వెళ్ళిపోయారమ్మా, శుక్రవారం స్పెషల్ క్లాసులేం లేవన్నారు. మీరు ఇంటికొచ్చాక మీ బ్యాగులో పైనే ఆ ఇంటి తాళాలు కనిపించాయి. నేనేం అడగలేదు. డాడీకి కూడా చెప్పలేదు."

సత్యవాణి ఒకసారి తమ్ముడి వైపు, ఒకసారి మరదలి వైపు చూసింది.

"ఇక్కడ మీవేమున్నాయాంటీ?" అంది కెజియా. "మంచం కింద రెండు సూట్‌కేసులు. అంతే కదా. ఎప్పుడు విసుగొస్తే అప్పుడు అవి పట్టుకుని లేచిపోవచ్చు. అక్కడ మీ మంచం, మీ పుస్తకాలు, మీ స్టవ్వు, అన్నీ మీకోసం రెడీగా ఉన్నాయి. ఇప్పుడు మీరు తిరిగెళ్ళేదాకా ఆ ఇంటికి కాపలాగా ఒక బ్యాంకు ఆఫీసరుని పెడుతున్నారు."

"కెజియా, ఆపు," అన్నాడు జయపాల్. ఈసారి గొంతులో కోపం లేదు.

"ఆపేస్తాను డాడీ. ఇదొక్కటి చెప్పి ఆపేస్తాను. మీరు వెళ్ళిపోతారని తెలిసి మీతో ఎలా ఉండమంటారాంటీ? జడ వెయ్యనా అని అడుగుతారు. వద్దంటాను. నేనే వేసుకోగలనని కాదు, ఇష్టం లేకా కాదు. అలవాటైపోతే ఎలా?"

ఎంగిలి చేత్తోనే లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

సత్యవాణి కాసేపు పళ్ళెంలో అన్నం కెలికింది. "నేనేదో మంచికే అన్నానురా జయపాల్," అంది చివరికి. చెయ్యి కడుక్కుని, గిన్నె కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది.

* * *

ఆశాజ్యోతి పళ్ళేలు తీసి సింకులో వేసింది. కుళాయి తిప్పింది. నీళ్ళు పడుతూనే ఉన్నాయి, ఆమె గిన్నెలు తోమడం లేదు. జయపాల్ వచ్చి కుళాయి కట్టేశాడు.

"అక్కడికి వెళ్తున్నావా ఆశా?"

"వెళ్తున్నానండి."

"నేనేమైనా తక్కువ చేశానా నీకు?"

"మీరేం తక్కువ చెయ్యలేదు." కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఈ ఇంట్లో ఏది తీసినా మళ్ళీ అక్కడే పెట్టాలని భయం. చుట్టాలింటికి వచ్చినట్టు ఉంటున్నాను. ఆరు నెలలు చుట్టంలా ఉండడం కష్టమండి. అక్కడికెళ్తే కాసేపు కాళ్ళు చాపుకుని కూర్చుంటాను. అంతకంటే ఏం లేదు."

"అడిగుంటే ఒక బీరువా ఖాళీ చేసిచ్చేవాణ్ణి కదా."

"చనిపోయినావిడ బీరువా ఖాళీ చెయ్యమని ఏ నోటితో అడగమంటారు?"

జయపాల్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. బయట ఎవరో ఆటో రివర్స్ చేస్తున్నారు. ఆ చప్పుడు ఆగాక మెల్లగా అన్నాడు.

"నిజం చెప్పాలంటే, ఆ బీరువా తియ్యడానికి నాకే ధైర్యం లేదు ఆశా. సువార్త పోయాక ఒకసారి తీశాను. మళ్ళీ మూసేశాను. కెజియా బాధపడుతుందని అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. చెప్పగా చెప్పగా అదే నిజమనుకున్నాను. మొన్న నువ్వు సామానుతో ఇచ్చేస్తానంటే నీ ఇష్టమన్నాను చూడు, అప్పుడూ అంతే. నాకిష్టం లేదు. అన్నీ అక్కడే ఉంచుకుంటోందేంటి అనిపించింది. అడిగితే నువ్వేం చెబుతావోనని అడగలేదు."

ఆశాజ్యోతి అతని ముఖంలోకి చూసింది. ఇన్నాళ్ళూ సామాను పెట్టడానికి చోటు లేదనే అనుకుంది. చోటు లేకపోవడం నిజమే. కానీ చోటు అడక్కపోవడం కూడా తనకి హాయిగానే ఉంది. ఆ ఇల్లు అక్కడ ఉన్నది ఉన్నట్టుగా ఉంటే, ఇక్కడ ఏం జరిగినా తట్టుకోవచ్చని ఎక్కడో ఒక మూల ధీమా. ఒకసారి ఉన్నట్టుండి ఒంటరిగా మిగిలిపోయింది కదా. రెండోసారి అలా జరిగితే ఎక్కడికి వెళ్ళాలో ముందే చూసి పెట్టుకుంది. ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ ఆమె ఒక కాలు గుమ్మం బయటే ఉంది. అది ఆమె కంటే ముందు ఆ పదిహేడేళ్ళ పిల్ల కనిపెట్టింది. ఆ ఆలోచన రాగానే ఆమెకు కళ్ళు చెమర్చాయి.

"నేను దానితో మాట్లాడతాను," అంది.

"నేనూ రానా?"

"వద్దండి. మేమిద్దరమే మాట్లాడుకుంటాం."

కెజియా తలుపు గడియ పెట్టుకోలేదు. మంచం మీద మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంది. చెయ్యి కూడా కడుక్కోలేదు. ఆశాజ్యోతి చెంబుతో నీళ్ళు, ఒక గిన్నె తెచ్చి పట్టింది. ఆ పిల్ల కాసేపు చూసి చెయ్యి కడుక్కుంది.

"నువ్వన్నది నిజమే," అంది ఆశాజ్యోతి, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "అబద్ధం చెప్పి వెళ్ళాను. అది తప్పు. నువ్వు బయట కూర్చున్న రోజు ఫోను ఎత్తకపోవడం ఇంకా తప్పు."

కెజియా తల దించుకుంది. "అలా అందరి ముందు అనకుండా ఉండాల్సింది నేను."

"ఎవరి ముందైనా అనాల్సిందేలే. లేకపోతే నాకు తెలిసేది కాదు."

"అమ్మ ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు చిన్న బ్యాగు పట్టుకెళ్ళిందాంటీ," అంది కెజియా. "రెండు నైటీలు, దువ్వెన. రెండ్రోజుల్లో వచ్చేస్తాను, నువ్వు పరీక్షలకి చదువుకో అంది. నేను తల కూడా ఎత్తలేదు, చదువుకుంటున్నాను. ఇంకా రాలేదు." ముక్కు ఎగబీల్చింది. "మీ సూట్‌కేసులు చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొచ్చేది. మీరు మంచివారు. అదే నాకు భయం. చెడ్డవారైతే పోతే పోయారనుకునేదాన్ని."

క్లాసులో నలభైమంది పిల్లలకి జవాబులు చెప్పే మనిషి, ఈ ఒక్క పిల్లకి చెప్పడానికి మాటలు వెతుక్కుంది.

"చావనని నీకు మాటివ్వలేనమ్మా. అది నా చేతుల్లో లేదు. మీ అమ్మ చేతుల్లోనూ లేదు. కానీ నా అంతట నేను లేచి వెళ్ళిపోను. అది నా చేతుల్లోనే ఉంది. అది మాటిస్తాను."

"ఆ రెండూ ఒకటి కాదని నాకు తెలుసాంటీ," అంది కెజియా. "ఆ రెండోది చాలు."

ఇద్దరూ ఏడ్చారు. ఎక్కువసేపేం కాదు. కెజియా చున్నీతో ముఖం తుడుచుకుని, "మీకు ఆ ఇంట్లో అన్నిటికంటే బాగా ఇష్టమైంది ఏంటి?" అని అడిగింది.

"నా పుస్తకాల అల్మారా. కుట్టుమిషనూను."

"మరి తెచ్చెయ్యండి. అల్మారా హాల్లో షోకేసు ఉన్న చోట పెడదాం. ఆ బొమ్మలు అమ్మకి కూడా ఇష్టం లేదు. ఎవరో పెళ్ళికి ఇచ్చారని ఉంచింది."

* * *

వెంకటరమణకి ఈ మార్పు నచ్చలేదు. "అదేంటండీ మేడంగారూ, నేను బ్యాంకాయనకి మాటిచ్చేశానండి. ఖాళీ ఇంటికైతే అద్దె తగ్గుతుందండి."

"తగ్గితే తగ్గనివ్వండి. ఆ రెండో వాళ్ళకి చెప్పండి. వాళ్ళు వేరే ఇల్లు చూసుకోకుండా ఉంటే, పది రోజుల్లో ఖాళీ చేసి ఇచ్చేస్తాను. బ్యాంకాయనకి నా తరఫున సారీ చెప్పండి."

"సరేనండి, మీ ఇష్టం," అన్నాడు అతను, తన కమిషను కూడా తగ్గుతుందని గుర్తొచ్చిన గొంతుతో.

ముందు భీమవరం ఇంట్లో పని మొదలైంది. సువార్త బీరువా జయపాలే తెరిచాడు. పక్కన కెజియా నిలబడింది. ఆశాజ్యోతి వంటింట్లోకి వెళ్ళబోతే, "మీరూ రండాంటీ," అని ఆ పిల్లే పిలిచింది. చీరలన్నీ మంచం మీద పరిచారు. పెళ్ళి చీర, ఇంకో నాలుగు తనకోసం కెజియా దాచుకుంది. సత్యవాణిని పిలిచి నచ్చినవి తీసుకోమంటే, ఆవిడ ఒక నేత చీర ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు దాని అంచు నిమిరింది. తర్వాత, "మిక్సీ కిటికీ పక్కనే బాగుంటుందమ్మా ఆశా. అక్కడ పెట్టుకో," అంది. మిగిలిన చీరలు చర్చిలో పనిచేసేవాళ్ళకి ఇచ్చారు. జయపాల్ ఆ సాయంత్రం అలా నడిచొస్తానని వెళ్ళాడు. తిరిగొచ్చాక మామూలుగానే భోంచేశాడు.

శనివారం పాలకొల్లులో సామాను ఎక్కించారు. సామానుకి మినీ వ్యాను, మనుషులకి ఒక అద్దె కారు మాట్లాడారు. ఏది తేవాలి, ఏది వద్దు అన్నదాని మీద అక్కడ పెద్ద వాదనే జరిగింది. రెండు ఫ్రిజ్జులు ఎందుకని ఆశాజ్యోతిది పక్కింటివాళ్ళకి అమ్మేశారు. భోజనాల బల్ల కెజియాకి నచ్చింది గానీ, టేపు పెట్టి కొలిస్తే హాల్లో పట్టదని తేలింది. దాన్ని స్కూలు స్టాఫు రూముకి పంపించారు. మంచం సంగతి వచ్చేసరికి ఆశాజ్యోతి తటపటాయించింది. అది రమేష్ బాబుతో ఉన్నప్పటి మంచం.

"వద్దులెండి. ఇక్కడే ఎవరికైనా ఇచ్చేద్దాం," అంది.

జయపాల్‌కి ఆమె మనసు తెలిసింది. "మనింట్లో చిన్న గది సర్ది అందులో వేద్దాం. ఎవరైనా వస్తే పడుకోవడానికి ఉంటుంది. మంచి టేకు మంచం, ఎందుకు ఇచ్చెయ్యడం?" అన్నాడు. తర్వాత గోడకి ఉన్న రమేష్ బాబు ఫోటో తనే దించి, పాత పేపర్లో చుట్టి ఆమె చేతికిచ్చాడు. "ఇది వ్యాన్లో వద్దు. కారులో నీ దగ్గరే పెట్టుకో. అద్దం పగిలిపోతుంది."

ఆశాజ్యోతి దాన్ని రెండు చేతులతో తీసుకుంది. అతనికి ఏదో చెప్పాలనుకుంది. అప్పటికే అతను వ్యాను దగ్గరికి వెళ్ళి, తాడు సరిగ్గా కట్టలేదని డ్రైవరుతో గొడవ పెట్టుకుంటున్నాడు.

మధ్యాహ్నానికి ఇల్లు ఖాళీ అయింది. వ్యానుతోపాటు జయపాల్ ముందే వెళ్ళిపోయాడు. తాళాలు అప్పజెప్పడానికి ఆశాజ్యోతి, కెజియా ఉండిపోయారు. మాట్లాడితే గదుల్లో గొంతు మారుమోగుతోంది. గోడల మీద బీరువా ఉన్న చోట, అల్మారా ఉన్న చోట రంగు వెలిసిపోకుండా కొత్తగా ఉంది. ఆశాజ్యోతి గదులన్నీ ఒకసారి ఊడ్చింది. ఖాళీ ఇల్లు చూస్తే ఏడుపొస్తుందనుకుంది. రాలేదు. ఇల్లు చిన్నగా, ఎవరిదో అన్నట్టు ఉంది.

అద్దెకొచ్చేవాళ్ళు మొగల్తూరు నుంచి వచ్చిన అశోక్, వీరవేణి. అతను మోటారు పంపులు రిపేరు చేసే షాపు పెట్టుకుంటున్నాడు. ఇద్దరు పిల్లలూ గేటు తీస్తూనే లోపలికి పరిగెత్తి, ఏ గది ఎవరిదో పంచుకోవడం మొదలుపెట్టారు. వీరవేణి వంటిల్లు చూసింది, బాత్‌రూము కుళాయిలు తిప్పి చూసింది, పెరట్లో బట్టలు ఆరేసుకునే తీగ లాగి చూసింది. తాళాలు చేతికొచ్చాక కూడా ఏదో అడగాలని తచ్చాడింది.

"ఏంటమ్మా, చెప్పండి," అంది ఆశాజ్యోతి.

"ఏం లేదండీ మేడంగారు. ముందున్న ఇంటోళ్ళు ఇలాగే మంచిగా ఇచ్చారండి. ఏడాది తిరక్కుండానే మా అబ్బాయి వచ్చేస్తున్నాడు, ఖాళీ చెయ్యండన్నారు. పిల్లల్ని స్కూలు మార్చాల్సొచ్చింది. ఈసారి ఇక్కడ చేర్చాం కదండీ. అందుకని ముందే అడిగేస్తున్నాను, ఏమనుకోకండి. మీరు మళ్ళీ ఈ ఇంటికి ఎప్పుడొచ్చేస్తారండి?"

కెజియా అప్పటికే బయట కారులో కూర్చుని ఉంది. రమేష్ బాబు ఫోటో ఒళ్ళో పెట్టుకుని, ఫోనులో తండ్రితో, అల్మారా నిలబెట్టేటప్పుడు తలుపులు కిటికీ వైపు ఉండకూడదని గట్టిగా చెబుతోంది. ఆ మాటలు లోపలిదాకా వినిపిస్తున్నాయి.

"మేమిక తిరిగి రాములెండమ్మా," అంది ఆశాజ్యోతి. "మీ పిల్లల చదువులయ్యేదాకా ఉండండి. మా ఇల్లు భీమవరంలో."